ఒక కేజీ ప్రెషరు

హిల్స్‌బరోలో గరాజులో కారు పెట్టుకునే తెలుగువాణ్ణి నేనింతవరకూ చూడలేదు. ఒకరి గరాజు నిండా సోనా మసూరి బస్తాలు, ఇంకొకరి దాంట్లో ఇండియా ప్రయాణాలకి దాచిన ఖాళీ సూట్‌కేసులు, మరొకరి దాంట్లో ఏటా ఉగాదికి మాత్రమే బయటికొచ్చే స్పీకర్లు. మా గరాజులో ఉన్నది పాత ఫ్రిజ్, అందులో బీరు పులిసే డబ్బా. ఒరెగాన్‌లో ఇదేమంత వింత కాదు. ఇక్కడి విల్లమెట్ లోయలో హాప్స్ తీగలు మూడు నిలువుల పందిళ్ళకి పాకుతాయి. అమెరికా బీరు రుచినే మార్చేసిన కాస్కేడ్ రకం ఈ లోయలోని కొర్వాలిస్‌లోనే పుట్టి 1972లో బయటికొచ్చింది. ఆగస్టు చివర్లో, కోతలప్పుడు, ఆ దారిన కారు అద్దాలు దించుకుని వెళ్తే ఆ వాసన ఎవరికైనా పిచ్చి పట్టిస్తుంది. నాకు పట్టించింది.

కిందటేడు మా అత్తగారూ మావగారూ ఆర్నెల్లుండడానికి వచ్చారు. మావయ్యగారు విజయవాడలో ఆర్టీసీ వర్క్‌షాపులో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. చుక్క ముట్టని మనిషి. అమెరికా వచ్చిన పెద్దవాళ్ళ కష్టం తెలిసిందే కదా: నడిచి వెళ్ళే చోట దుకాణం ఉండదు, ఎక్కడానికి బస్సుండదు, పలకరించడానికి అరుగు మీద మనిషుండడు. వచ్చిన కొత్తలో ఆయన పొద్దున్నే తయారై సోఫాలో కూర్చుని, మేం ఆఫీసుల నుంచి తిరిగొచ్చేదాకా అలాగే ఉండేవారు. ఒక శనివారం నేను గరాజులో డ్రిల్లు తిప్పుతున్న చప్పుడు విని దిగొచ్చారు. వచ్చీ రాగానే అడిగింది, "ఎక్సైజువాళ్ళు రారా అల్లుడుగారూ?" అని.

రారు. ఇంట్లో బీరు చేసుకోవచ్చన్న చట్టం మీద 1978 అక్టోబరులో ప్రెసిడెంటు కార్టర్ సంతకం పెట్టాడు, 1979 ఫిబ్రవరి నుంచి అమలు. ఇంట్లో పెద్దవాళ్ళు ఒక్కరే ఉంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరూ అంతకు పైనా ఉంటే 200. అమ్మకూడదు. అలబామా, మిసిసిపీ 2013 దాకా ఒప్పుకోలేదు. హాప్స్ పండించే మా ఒరెగాన్‌లో కూడా 2010లో ఎవరో రాష్ట్ర చట్టాన్ని అక్షరాలా చదివి, ఇంట్లో చేసిన బీరు ఇల్లు దాటకూడదన్నారు. స్టేట్ ఫెయిర్‌లో పోటీ ఆగిపోయింది. మర్నాడే కాదుగానీ, మరుసటి ఏడు చట్టం సవరించారు. ఇదంతా చెప్పాక ఆయన కాస్త కుదుటపడి, "మనిద్దరికీ అయితే 200 అన్నమాట" అని నవ్వారు.

ఆ రోజు నేను చేస్తున్నది చాలామంది చేసే మొదటి మార్పే. కొత్తవాళ్ళు వాడేది ఆరున్నర గ్యాలన్ల ప్లాస్టిక్ బకెట్, మూతలో రబ్బరు రింగు బిగించిన ఒక బెజ్జం, అందులో ఎయిర్‌లాక్. ఈస్టు వదిలే కార్బన్ డయాక్సైడ్ నీళ్ళలోంచి బుడగలుగా బయటికి పోతుంది, బయటి గాలి లోపలికి రాదు. పులియడం అయ్యాక బీరు తీయాలంటే మూత తెరిచి సైఫన్ గొట్టం ముంచాలి. అందుకని బకెట్ అడుగున అంగుళం బెజ్జం వేసి కుళాయి బిగిస్తారు. మామూలు బిట్‌తో వేస్తే ప్లాస్టిక్ చిరుగుతుంది, మెట్లు మెట్లుగా ఉండే స్టెప్ బిట్ కావాలి. మడ్డి కుళాయిలోకి రాకుండా అడుగు నుంచి కొంచెం ఎత్తున వేయాలి.

మావయ్యగారు బెజ్జం అంచు మీద వేలు పెట్టి తిప్పి చూశారు. మాట్లాడకుండా నా చేతిలోంచి ఉప్పుకాగితం తీసుకుని, వేలికి ఏమీ తగలనంతవరకూ రుద్దారు. "అంచు గరుగ్గా ఉంటే వాషర్ కూర్చోదు" అన్నారు. బీరు సంగతి ఎరగని మనిషి చెప్పిన ఆ మాటలో బీరు సంగతి కూడా ఉంది. ప్లాస్టిక్ మీద గీత పడ్డచోటల్లా బ్యాక్టీరియా దాక్కుంటుంది, ఏ శానిటైజరూ అక్కడికి సరిగ్గా చేరదు. కుళాయి మరల్లో కూడా అంతే. ప్రతిసారీ విప్పి కడగాల్సిందే.

తరవాత ఆయనకి నచ్చని విషయం ఒకటి కనిపెట్టారు. బీరు పులిసిపోయాక తేరుకోవడానికి ఫ్రిజ్ ఉష్ణోగ్రతని ఇరవై డిగ్రీల నుంచి రెండు డిగ్రీలకి దించుతాం. ఆ రాత్రి ఎయిర్‌లాక్‌లో బుడగలు వెనక్కి నడవడం ఆయన చూశారు. చల్లబడితే లోపలి గ్యాసు కుంచించుకుపోతుంది, కొంత బీరులో కరిగిపోతుంది, ఆ ఖాళీలోకి బయటి గాలిని లాక్కుంటుంది. ఒక్కోసారి ఎయిర్‌లాక్ నీళ్ళతో సహా. "ఇన్నాళ్ళు గాలి రాకుండా కాపలా కాసి, చివర్న తలుపు తీశారేంటండీ?" అన్నారు. హాప్స్ ఎక్కువ వేసిన బీరుకి ఆక్సిజన్ అంటే చావే. ఆ లోయలో నన్ను పట్టుకున్న వాసన ముందు పోతుంది, తరవాత బంగారు రంగు మట్టిరంగుకి తిరుగుతుంది, ఆపైన తడిసిన అట్టపెట్టె రుచి వస్తుంది.

దీనికి మందు ప్రెషరు: లోపల అది నిలిచి ఉంటే చల్లబడ్డా బయటి గాలి రాదు. కానీ ఆ మందు బకెట్‌లో లేదు. ప్లాస్టిక్ బకెట్‌కీ గాజు సీసాకీ ప్రెషరు పెట్టడం ప్రాణాలతో చెలగాటం, ముఖ్యంగా గాజు. అందుకని కార్నీ కెగ్ తెచ్చాం. ఒకప్పుడు హోటళ్ళకి పెప్సీ, కోక్ సిరప్ మోసిన అయిదు గ్యాలన్ల స్టీలు డబ్బా అది, 130 పీఎస్ఐ తట్టుకుంటుంది. కోలగా ఉండే దాని మూతని మావయ్యగారు చాలాసేపు తిప్పి తిప్పి చూశారు. పక్కకి వంచి లోపలికి దింపి, లోపల్నుంచి పైకి లాగి బిగించాలి. లోపల ప్రెషరు పెరిగేకొద్దీ ఇంకా గట్టిగా పట్టుకుంటుంది, ప్రెషరు ఉండగా ఎవరూ తెరవలేరు. "దీన్ని కనిపెట్టినవాడికి దణ్ణం పెట్టాలి" అన్నారు. ఆ మరుక్షణం, "సేఫ్టీ వాల్వ్ ఏదీ?" మూత మీదే ఉంది, రింగు పట్టి లాగితే గ్యాసు వదుల్తుంది. అప్పుడుగానీ ఆయన మొహం విప్పారలేదు.

కెగ్‌లో బీరు బయటికొచ్చే గొట్టం అడుగుదాకా ఉంటుంది. అలాగే వాడితే మొదటి గ్లాసుల నిండా మడ్డే. కొందరు అడుగున అంగుళం కోసేస్తారు. హ్యాక్సా కోసం ఆయన చూస్తూనే ఉన్నారు, బస్సు డీజిల్ ట్యాంకులో కూడా గొట్టాన్ని అడుగుకి తగలనివ్వరట. నేను దాన్ని తీసేసి, స్టీలు బంతికి కట్టిన సిలికాన్ గొట్టం పెట్టాను. బంతి తేలుతుంది, బీరు పైనుంచి, తేటగా వస్తుంది. గ్యాసు వైపు గేజీ ఉన్న స్పండింగ్ వాల్వ్ పెడితే మనం తిప్పిన ప్రెషరు దాటగానే మిగతాది బయటికి వదిలేస్తుంది. పదిహేను పీఎస్ఐ పెడదామన్నాను.

"అంటే?"

"సుమారు ఒక కేజీ."

"బస్సు బ్రేకుల్లో ఏడెనిమిది కేజీలుంటుందండీ. ఈ ఒక్క కేజీకా ఇంత హడావుడి!"

గిన్నెలో సబ్బునీళ్ళు కలిపి, పెయింటు బ్రష్‌తో ప్రతి జాయింటుకీ పూశారు. ముప్ఫై ఏళ్ళు ఎయిర్ బ్రేకుల లీకులు పట్టిన చెయ్యి అది. గ్యాసు గొట్టం తగిలించే పోస్టు కింద ఆవగింజంత బుడగ లేచింది. నా కంటికి ఆనలేదు, ఆయన వేలు అప్పటికే అక్కడుంది. ఓ-రింగు మార్చాం. మూతది ఇంకో చిక్కు: తక్కువ ప్రెషరులో సరిగ్గా కూర్చోదు. ఈస్టు ఇంకా పని మొదలెట్టకముందే కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ నుంచి ఇరవై ముప్ఫై పీఎస్ఐ ఒక్కసారి కొట్టి దాన్ని కూర్చోబెట్టి, తరవాత తగ్గించాలి. నురగకి చోటు కావాలి కాబట్టి పంతొమ్మిది లీటర్ల కెగ్‌లో పదహారుకి మించి పోయకూడదు. చోటు వదలకపోతే నురగ వాల్వులోకెక్కి దాన్ని పూడ్చేస్తుంది, అప్పుడు కేజీ కాదు, ఎంతైనా అవ్వచ్చు. రెండోరోజు ఉదయం మూత పక్క చెవి పెట్టి విన్న మా అత్తయ్యగారు "దోసెలపిండి పొంగుతున్నట్టుంది" అని వెళ్ళిపోయారు.

ఇక పులిసేటప్పుడు ఊరికే బయటికి పోయే గ్యాసుని గొట్టంతో రెండో ఖాళీ కెగ్ అడుగుకి పంపితే, అందులో గాలినంతా నెమ్మదిగా పైకి నెట్టేస్తుంది. తరవాత బీరు ఒక కెగ్ నుంచి ఇంకో కెగ్‌లోకి వెళ్ళేటప్పుడు గాలి మొహమే చూడదు.

నిజానికి డబ్బు ఖర్చు పెట్టాల్సింది డబ్బా మీద కాదని నా అభిప్రాయం. కోనుగా మెరిసే స్టీలు ఫర్మెంటర్లు ఫొటోలకి బాగుంటాయి. ఈస్టు పనిచేసేటప్పుడు వేడి పుడుతుంది, గది కంటే డబ్బా లోపల కొన్ని డిగ్రీలు ఎక్కువుంటుంది. ఆ వేడిని పట్టించుకోకపోతే వెయ్యి డాలర్ల కోను కూడా తలనొప్పి బీరే ఇస్తుంది. పాత ఫ్రిజ్, దానికొక కంట్రోలర్, కెగ్ పక్కన ఆనించి గుడ్డ కప్పిన సెన్సర్, ఇవి ముందు. కుళాయిలూ బంతులూ తరవాత.

కొనేవాళ్ళకి ఒక మాట. సెకండ్‌హ్యాండ్ కార్నీ కొంటే మూతకొకటి, పోస్టులకి రెండు, లోపలి గొట్టాలకి రెండు, మొత్తం అయిదు ఓ-రింగులూ మార్చేయండి. పాత రబ్బరులో కోలా వాసన ఎన్ని వేడినీళ్ళు పోసినా పోదు. బీరు కంపెనీ పేరున్న పెద్ద కెగ్‌ని కోసి వాడుకోవాలని మాత్రం చూడకండి. దుకాణంలో కట్టేది డిపాజిట్టే, డబ్బా కంపెనీదే.