నవ్ షాపెల్ పొలిమేరలో

జగ్గయ్యపేటవాడు ఫ్రాన్సు వెడితే ఐఫిల్ టవరు ముందు నోరు తెరవాలని మా మేనల్లుడి అభిప్రాయం. నేను మాత్రం ఉత్తరాన, నవ్ షాపెల్ అనే చిన్న పల్లె పొలిమేరలో నిలబడిపోయాను. చేల నడుమ గుండ్రని రాతి ప్రాకారం! చిన్ననాటినుంచీ మా ధనంబోడు స్తూపం చుట్టూ తిరిగిన కళ్లకు ఆ గుండ్రదనం కొత్త కాదు. హెర్బర్ట్ బేకర్ అనే వాస్తుశిల్పి మన ప్రాచీన క్షేత్రాల ప్రాకారాల పోలికనే దాన్ని కట్టాడు. లోపల అశోకుని స్తంభాన్ని తలపించే ఎత్తయిన స్తంభం. 1927లో ఆవిష్కరించారు. గోడనిండా పేర్లే. మొదటి ప్రపంచయుద్ధంలో పోయి, సమాధి అయినా దొరకని మన సిపాయిలూ కూలీలూ 4,700 మందికి పైనే.

మన మొదటి దళాలు 1914 సెప్టెంబరు చివర మార్సేల్స్ రేవులో దిగాయి. ఒంటిమీద మన ఎండలకు కుట్టిన నూలు బట్టలు. అక్కడేమో చలి, కందకాల్లో బురదనీళ్లు. చేతిబాంబులు చాలక జామ్ డబ్బాల్లో మందు కూరి విసిరేవారు. తిండి విషయంలో మాత్రం దొరలు జాగ్రత్తపడ్డారు: గోధుమపిండి, పప్పు, నెయ్యి, బెల్లం. మేకలు ప్రాణంతోనే వచ్చేవి; ఎవరి ఆచారం ప్రకారం వారు కోసుకునేవారు. జీతం నెలకు 11 రూపాయలు. మా ఊరి శిల్పంలో మాంధాత చక్రవర్తి చెయ్యెత్తితే నాణేల వాన కురుస్తుంది. సిపాయికి ఆ యోగం ఎక్కడిది?

ఇక ఉత్తరాలు. చాలామందికి చదువు రాదు. చెబుతుంటే మరొకరు రాసేవారు. దాన్ని సెన్సారువారు చదివేవారు. ఇంటి దగ్గర తల్లికి మళ్లీ ఇంకెవరో చదివి పెట్టాలి. ఇంతమంది చెవిన పడే మాటల్లో మనసు విప్పేదెలా? అందుకని కొందరు వంటింటి భాషలో రాశారు. నల్ల మిరియాలంటే మనవాళ్లు, ఎర్ర మిరపకాయలంటే తెల్లవాళ్లు. మిరియాలు నిండుకుంటున్నాయని రాస్తే, అర్థమైన ఇంట ఆ పూట ముద్ద దిగి ఉండదు.

స్తంభం మీద హిందీ, గురుముఖి అక్షరాలున్నాయి గాని తెలుగు లేదు. అక్కడ పోరాడినవారిలో పంజాబీలు, గూర్ఖాలు, గఢ్వాలీలే హెచ్చు. మన తెలుగువారి సిపాయి పల్లె, తాడేపల్లిగూడెం దగ్గరి మిలిటరీ మాధవరం కూడా ఆ యుద్ధానికి బిడ్డలను పంపింది.

గోడ మీద గబ్బర్ సింగ్ నేగీ పేరు వెతికి పట్టుకున్నాను. గఢ్వాలు రైఫిల్‌మన్; 1915 మార్చి 10న ఇక్కడే పడిపోయాడు. విక్టోరియా క్రాసు తర్వాత వచ్చింది. అప్పటికి అతనికి ఇరవై నిండలేదు. మా కాలేజీలో డిగ్రీ రెండో ఏడు పిల్లల వయసు.