పాత ఉపగ్రహం కూత, నా చెవి వయసు

ఎప్పుడూ మధుమేహం, రక్తపోటు అంటూ రాసే నేను ఈసారి ఆకాశం వైపు మళ్ళినందుకు ఆశ్చర్యపడకండి. విషయం చివరకు చెవి దగ్గరికే వస్తుంది.

పదవీ విరమణ తరువాత నాకు అబ్బిన వ్యసనం రేడియో. మేడమీద ఒక యాంటెన్నా, కంప్యూటరుకు తగిలించిన వేలెడంత రిసీవరు పెట్టుకుని, ఏనాడో విధులు ముగించిన ఉపగ్రహాల ధ్వనులు వింటుంటాను. వాటిలో నాకు ప్రియమైనది ట్రాన్సిట్ 5బి-5. అమెరికా 1964 డిసెంబరులో ప్రయోగించినది. జీపీఎస్‌కు ముందు నౌకలకు, జలాంతర్గాములకు దారి చూపిన ఉపగ్రహాల శ్రేణికి చెందినది. ఆ సేవ 1996తో ముగిసింది. అయినా ఎండ తగిలినప్పుడల్లా ఈ వృద్ధ ఉపగ్రహం 136.65 మెగాహెర్ట్జ్ మీద ఇప్పటికీ పలుకుతుంది. భూమి నీడలోకి పోగానే మూగబోతుంది.

దీని పుట్టుక కూడా వినడంతోనే ముడిపడి ఉంది. 1957 అక్టోబరులో స్పుత్నిక్ ఎగిరిన కొద్దిరోజులకే, జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయపు ప్రయోగశాలలో విలియం గయర్, జార్జ్ వైఫెన్‌బాక్ అనే ఇద్దరు దాని సంకేతపు శ్రుతి మారే తీరును బట్టి కక్ష్యను లెక్కకట్టారు. ఫ్రాంక్ మెక్‌క్లూర్ ఆ లెక్కను తిరగవేశారు: కక్ష్య ముందే తెలిస్తే, వినేవాడు ఎక్కడున్నాడో చెప్పవచ్చు కదా! రైలు కూత మనల్ని దాటగానే దిగిపోయినట్టు వినిపించే ఆ డాప్లర్ సూత్రంతోనే మేము గర్భస్థ శిశువు గుండెను వింటాం, మధుమేహ రోగి కాలి రక్తనాళాలను పరీక్షిస్తాం.

రిసీవరు ఫిల్టరును వెడల్పుగా తెరిస్తే, ఉపగ్రహం దగ్గరవుతున్నప్పుడు కీచుగా మొదలైన కూత పావుగంటలో క్రమంగా దిగుతూ బొంగురుపోతుంది. మొన్న వేసవిలో మనవడు పక్కన కూర్చుని, “వచ్చింది తాతయ్యా!” అన్నాడు. తెరమీద గీత కనబడుతోంది. నాకు మాత్రం నిశ్శబ్దం. మూడు నాలుగు నిమిషాలు గడిచి, శ్రుతి బాగా దిగాకగానీ నా చెవికి అందలేదు.

ఆ వారంలోనే ఆడియోగ్రామ్ తీయించుకున్నాను. 2000 హెర్ట్జ్ వరకు సవ్యంగా నడిచిన గీత 4000 దగ్గర 55 డెసిబెళ్ళకు, 8000 దగ్గర 70కి జారింది. వయసుతో వచ్చే వినికిడి లోపం తీరు ఇదే. లోపలి చెవిలోని నత్తగుల్లవంటి కాక్లియాలో, కీచు ధ్వనులను పట్టే కేశకణాలు మొదటి మలుపులో ఉంటాయి. ముందుగా అవే దెబ్బతింటాయి, మళ్ళీ మొలవవు. అందుకే ఈ లోపమున్నవారు “నాకు బాగానే వినబడుతోంది, మీరే నసుగుతున్నారు” అంటారు. అది అబద్ధం కాదు. అచ్చులు వినబడతాయి, స, త, ప వంటి హల్లులు జారిపోతాయి. ఆవిడ పప్పు అంటే ఆయనకు తప్పు అని వినబడుతుంది, ఇంట్లో తగవు మొదలవుతుంది.

నవ్వుకునే సంగతే గానీ, దీని ఫలితం తేలిక కాదు. మాట అందని మనిషి నెమ్మదిగా పదిమందిలోకి రావడం మానేస్తాడు. లాన్సెట్ పత్రిక నిపుణుల సంఘం 2017 నుండీ డిమెన్షియాకు సంబంధించి సరిదిద్దగల కారణాలలో వినికిడి లోపాన్ని చేర్చుతూనే ఉంది. అరవై దాటిన వారు ఉపగ్రహాల కోసం వెదకనక్కరలేదు. టీవీ శబ్దం ఎంత పెంచుతున్నారో ఇంట్లోవారిని అడగండి, ఆడియాలజిస్టు దగ్గర అరగంట కూర్చోండి. ఒక్క చెవి హఠాత్తుగా మొద్దుబారితే మాత్రం అది వేరే సంగతి. గుబిలి అనుకుని నూనె పోసుకోక, ఆ రోజే చెవి వైద్యుడిని కలవండి. ఆలస్యమైనకొద్దీ మందుకు లొంగదు.

ఇప్పుడు రెండు చెవులకూ వినికిడి యంత్రాలు పెట్టుకున్నాను. మొదటి పదిహేను రోజులు గిన్నెల చప్పుడు భరించరానిదిగా ఉండేది, తరువాత సర్దుకుంది. పెళ్ళిళ్ళ గోలలో వాటివల్ల పెద్ద ప్రయోజనం లేదని కూడా చెప్పాలి. ఫోనులో మనవడి మాట మళ్ళీ విడివిడిగా అందుతోంది. ట్రాన్సిట్ కూతలోని తొలి నిమిషాలు మాత్రం ఈ యంత్రాలతోనూ అందలేదు. ఆ భాగం తెరమీద గీతగా చూస్తూ, చెవికి అందే శ్రుతి కోసం ఎదురుచూస్తాను.