గ్రుడ్డు పెంకు నేర్పిన పాఠము

వంటయింట మనము దినదినమును ఎన్నియో పెంకులను పగులగొట్టి పాఱవైచుచుందుము. వానిని చేతితో తడవి చూచు నలవాటు మనకు లేదు. మాకా యలవాటు ఒక నష్టమువలన కలిగినది.

ఒక వేసవిలో గ్రుడ్లు చెడిపోకుండుటకై మేము వానికి నూనె పూసి కుండలో దాచితిమి. నాలుగు దినములకు మా పెట్ట పొదుగుటకు కూర్చుండెను. దానిక్రింద ఏడు గ్రుడ్లే యుండుటచే, కుండలోనివి మఱి యైదు తీసి చేర్చితిమి. 21 దినములు గడచినవి. ఏడింటినుండి పిల్లలు వెలువడినవి. మేము చేర్చిన యైదును కదలలేదు. పెట్ట వానిని విడువక మఱి రెండు దినములు కూర్చుండుట చూచి మా మనస్సు కలతజెందెను.

విచారింపగా కారణము తెలిసినది. గ్రుడ్డు పెంకు చూపునకు నున్నన. వ్రేలితో మెల్లగా తడవిన సన్నని గరుకు తగులును. దానియందు వేలకొలది సూక్ష్మరంధ్రములు కలవు. లోని పిల్లకు గాలి వానిగుండనే చేరును. గ్రుడ్డును ఉడికించునపుడు పెంకుపై సన్నని బుడగలు లేచుట మీరును చూచియుందురు. ఆ రంధ్రములను మేమే నూనెతో మూసితిమి. అంతియకాదు; పెంకులోని సున్నమును కొంత గ్రహించియే పిల్ల తన యెముకలను గట్టిపఱచుకొనును. అందుచే పెంకు కొంత పలుచబడి, లోపలినుండి పొడుచుటకు వీలగును.

అది మొదలు ప్రతి పెంకును తడవి చూచుచున్నాము. టెంకాయచిప్ప రాతివలె గట్టిది. అయినను దాని మూడు కన్నులలో ఒకటి మెత్తనిది, మొలక అందుండియే వెలువడును. వేరుసెనగకాయ తొక్క వలవంటి గీతలు గలిగి, బొటనవ్రేలి నొక్కునకే విచ్చును. నత్తగుల్ల అంచున క్రొత్తపొర చేరుచు, లోని ప్రాణితోపాటు పెరుగును. పైనున్న సన్నని గీతలు ఆ పెరుగుదల జాడలే. తాబేటిడిప్పయో, దాని వెన్నెముకతోను ప్రక్కటెముకలతోను కలిసియే యున్నది. పైపలకలు మన గోళ్లవంటి పదార్థము. దానిని తాకిన తాబేటికి తెలియును. పిల్లలు దానిపై రాళ్లు రువ్వునపుడు ఈ మాట వారికి చెప్పవలయును.

ఇన్ని పెంకులలో లోని ప్రాణమునకు దారి లేకుండ మూసినది మాకొక్కటియు కనబడలేదు. కాపాడవలెనని తలచి అట్లు మూసినది మేమే. ఇపుడు పొదిగించు గ్రుడ్లను నూనెచేయి తగులనీయక, వేఱుగా గంపలో నుంచుచున్నాము.