పథ్యం పేరిట పస్తులు

వైద్యవృత్తిలో వేలమంది రోగుల బరువు తూచి చూసినవాణ్ణి. మా పెద్దక్కయ్య విషయంలో మాత్రం ఆ తూకమే నన్ను పొరపాటు పడేలా చేసింది.

అండాశయ క్యాన్సర్ అని నిర్ధారణ అయ్యేనాటికి ఆమె బరువు 58 కిలోలు. ఏడాది క్రితమూ అంతే. "బరువు తగ్గలేదు, భయపడకక్కయ్యా" అని ధైర్యం చెప్పాను. ఉబ్బిన పొట్టలోంచి నాలుగు లీటర్ల నీరు తీశాక చూస్తే 54 కిలోలు. అప్పుడు గమనించాను, ఆమె గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. జలోదరం కండ తరుగుదలను కప్పిపుచ్చుతుందని చదువుకున్నవాణ్ణే. ఇంటి మనిషి దగ్గర మరచిపోయాను.

ఇంట్లో విచారిస్తే మరో సంగతి తెలిసింది. పప్పు తింటే చీము పడుతుందని, పెరుగు జలుబు చేస్తుందని, గుడ్డు వేడి అని అన్నీ మాన్పించారు. మిగిలింది చారన్నం. ప్రేమతో పెట్టిన పథ్యమే అది!

ఈ వ్యాధికి సాధారణంగా మూడు వారాలకొకసారి కార్బోప్లాటిన్, పాక్లిటాక్సెల్ మందులు ఇస్తారు. వికారం, అరుచి, నీరసం, తెల్ల రక్తకణాలు తగ్గడం వంటి బాధలు తప్పవు. పోషణ లేని శరీరం వీటిని తట్టుకోవడం మరింత కష్టం. ఇంకొక సూక్ష్మం ఉంది. కార్బోప్లాటిన్ మోతాదును మూత్రపిండాల పనితీరును బట్టి లెక్కిస్తారు. అందుకు తరచుగా ఆధారం రక్తంలోని క్రియాటినిన్. అది కండరాల నుంచి పుడుతుంది. కండ కరిగినవారిలో అది తక్కువగా ఉండి, మూత్రపిండాలు ఉన్నదానికన్నా బాగా పనిచేస్తున్నట్లు కనబడుతుంది. మోతాదు ఎక్కువయ్యే అవకాశం ఉంది.

అక్కయ్యకు తెల్లకణాలు పడిపోయి రెండో విడత వారం రోజులు వాయిదా పడింది. ఆ వారంలోనే వంటింటి పద్ధతి మార్పించాను. బాగా ఉడికిన గుడ్డు, ముద్దపప్పు, ఇంట్లో తోడుపెట్టిన తాజా పెరుగు, రెండు గంటలకొకసారి కొద్దికొద్దిగా. కిలో బరువుకు రోజుకు ఒకటి నుంచి ఒకటిన్నర గ్రాముల మాంసకృత్తులు అందాలన్నది లెక్క. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు వైద్యుణ్ణి అడగాలి. ఆగని వాంతులతో పొట్ట ఉబ్బి, మలం, అపానవాయువు వెళ్లకపోతే మాత్రం ఏమీ తినిపించవద్దు. పేగు మూసుకుపోయి ఉండవచ్చు. వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

ఆహారం క్యాన్సర్‌ను నయం చేయదు. చికిత్సను మధ్యలో ఆపకుండా సాగించే శక్తినిస్తుంది. అక్కయ్య ఆరు విడతలూ పూర్తిచేసింది. మీ ఇంట ఇటువంటి రోగి ఉంటే తూకంతో సరిపెట్టుకోకండి. చేతులూ, తొడలూ చూడండి, కంచంలో ఏముందో చూడండి.