మొదటి రెండు బిందెలు

మునిసిపాలిటీని తిట్టడం మా యింట్లో పొద్దుటి కాఫీతోపాటు జరిగే కార్యక్రమం. పాలు విరిగి కాఫీ ఒకనాడు మానవచ్చునుగాని, యిది మానేది లేదు. కుళాయి రాకపోతే ఒక రాగం, వస్తే యింకో రాగం. మా ఆవిడ వంటింట్లోంచి ఎత్తుకుంటుంది. నేను వరండాలో పడకకుర్చీలోంచి అందుకుంటాను. పక్కింటి ప్లీడరుగారు గోడమీంచి తాళం వేస్తారు. ముగ్గురం కలిసి అరగంటలో ఊరిని బాగుచేసి, ఎవరి పనుల్లోకి వాళ్ళం పోతాం. ఊరుమాత్రం ఎల్లా వున్నదీ అల్లాగే వుంటుంది.

ఇన్నేళ్ళు తిట్టాం గదా, అందులో ఒక్క ముక్కైనా వినవలసినవాళ్ళ చెవిని పడిందా అని నాకు ఎన్నడూ తోచలేదు. తోచేటట్టు చేసినవాడు ఎనిమిదేళ్ళ కుర్రవాడు. ఆ సంగతే చెప్పబోతున్నాను.

మా వీధికి నీళ్ళు పొద్దున ఒక గంటా, సాయంత్రం ఒక గంటా వదులుతారు. వదలగానే కాస్సేపు మట్టిరంగుగా, అదో రకం వాసనతో వస్తాయి. తరవాత తేటపడతాయి. అందుచేత మా ఆవిడ మొదటి రెండు బిందెలూ మొక్కలకు పోసి, మూడో బిందెనుంచి లోపలికి తెస్తుంది. తాగే నీళ్ళకు మళ్ళా ఫిల్టరు సరేసరి. వీధిలో పాతకాపులందరిదీ యిదే పద్ధతి. ఒకరు ఒకరికి నేర్పింది కాదు. ఎవరికి వారే కనిపెట్టుకుని, ఎవరి బిందెలు వారు జాగ్రత్త చేసుకున్నాం. అల్లా రెండేళ్ళు గడిచాయి. మా మందారాలు ఏపుగా పెరిగాయి.

దానికి కారణం నాకు తెలియదా అంటే, తెలుసును. మా వీధి చివర కల్వర్టు దగ్గర నీళ్ళగొట్టం మురుగుకాలవలోంచి పోతుంది. నీళ్ళు వదిలే వేళకు అక్కడ కాలవలో బుడబుడమని బుడగలు వస్తాయి. సాయంత్రం షికారుకు పోతూ రోజూ చూసేవాణ్ణి. నీళ్ళున్నంతసేపూ వత్తిడివల్ల మంచినీరు పగులులోంచి బయటికి పోతుంది. కట్టెయ్యగానే గొట్టం ఖాళీ అయి, అదే పగులులోంచి మురుగును లోపలికి పీల్చుకుంటుంది. మళ్ళా వదిలినప్పుడు ముందుగా మన బిందెలోకి వచ్చేది అదే. రాత్రింబవళ్ళు నిండుగా వుండే గొట్టానికి యీ బాధ తక్కువ. గంటసేపు నిండి, తక్కిన పొద్దంతా ఒట్టిగా వుండే గొట్టానికే ఎక్కువ.

2021 వానాకాలంలో మా ఎదురింటి మేడమీదకు కొత్తగా ఒక సంసారం దిగింది. ఆయనది బ్యాంకిలో ఉద్యోగం. ఆవిడా ఏదో కంపెనీ పని యింట్లోనే కూచుని చేసేది. ఒక్కడే కొడుకు. కరోనా మూలాన బళ్ళు యింకా సరిగా తెరవలేదు గనుక వాడు సగం పొద్దు మా వాకిట్లోనే వుండేవాడు.

"తాతగారూ, మీ మందారాలు ఇంతింత లావున పూస్తాయేమిటి?" అని అడిగాడొకనాడు.

"అంతా నీళ్ళ మహత్యంరా!" అన్నాను. పెద్ద చమత్కారం ఆడాననుకుని నాలో నేనే నవ్వుకున్నాను కూడాను.

నెలా నెలన్నర గడిచిందో లేదో వాడికి జ్వరం వచ్చింది. కరోనా యేమోనని యిల్లంతా వణికిపోయారు. పరీక్ష చేయిస్తే అది కాదన్నారు. హమ్మయ్య అనుకునేలోగా కళ్ళు పచ్చబడ్డాయి. కామెర్లు. అన్నం చూస్తే వాంతి. నాలుగురోజులు ఆసుపత్రిలో సెలైను పెట్టారు. కలుషితమైన నీటివల్ల వచ్చే జాతి కామెర్లు యివి అని చెప్పి, "నీళ్ళు ఎక్కడివి తాగుతున్నారు?" అని అడిగారట డాక్టరుగారు.

ఆ సాయంత్రం వాడి తల్లి మా యింటికి వచ్చింది. "పిన్నిగారూ, మీకు కుళాయినీళ్ళు బాగానే వస్తాయా? యిల్లు మారిన హడావిడిలో మేం ఫిల్టరు బిగించుకోలేదు. పొద్దున్న వదలగానే పట్టేసుకుంటున్నాం" అన్నది.

మా ఆవిడ అమాయకంగా, "అయ్యో, మొదటి రెండు బిందెలూ వాడకూడదమ్మా! మేం మొక్కలకు పోసేస్తాం" అన్నది.

ఆ అమ్మాయి మా యిద్దరివంకా చూసింది. "మాకు చెప్పకపోయారా?" అన్నది. కోపంగా కాదు. అడిగిందంతే. అడిగి వెళ్ళిపోయింది. ఆ రాత్రి మా యింట్లో ఎవరూ సరిగా అన్నం తినలేదు.

మనిషికి తన తప్పు బాగా తెలిసినప్పుడు కోపం యింకొకరిమీదికి పోతుంది. మర్నాడు పొద్దున్నే చొక్కా తొడుక్కుని మా వార్డు కౌన్సిలరుగారి యింటికి బయలుదేరాను. ఆ యేడాది మార్చిలో జరిగిన ఎన్నికల్లో మా వార్డు స్త్రీలకు వచ్చింది. 1993 జూన్ 1న అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పురపాలక సంఘాల్లో మూడోవంతుకు తక్కువ కాకుండా స్త్రీలుండాలన్నది గదా! వరండాలో కౌన్సిలరుగారి భర్త కుర్చీలో కూచుని వున్నారు. "చెప్పండి బాబాయిగారూ, నాతో చెబితే ఆవిడతో చెప్పినట్టే" అన్నారు.

"ఓటు ఆవిడకు వేశానయ్యా, ఆవిడతోనే చెబుతాను" అన్నాను. నా గొంతు విని ఆవిడే బయటికి వచ్చింది. నలభై యేళ్ళు వుండవు. నేను మొదలుపెట్టాను. మురుగు, గొట్టం, పసివాడు, పన్నులు, ప్రజాస్వామ్యం — ఒక పావుగంట ఏకధాటిగా సాగింది. ఆవిడ చివరిదాకా విని, "కోప్పడనంటే ఒక్కమాట అడుగుతాను బాబాయిగారూ. ఇది ఎన్నాళ్ళనుంచి?" అన్నది.

"రెండేళ్ళనుంచి."

"నేను గెలిచి అయిదునెలలయింది. మరి నాతో ఎవరూ చెప్పలేదేం?"

"మీకు తెలుసుననుకున్నాం."

"ఎల్లా తెలుస్తుంది? మా వీధికి వేరే లైను. మాకు నీళ్ళు తేటగానే వస్తాయి."

జవాబు లేకపోయింది. కౌన్సిలరంటే ఊళ్ళో పగిలిన ప్రతి గొట్టమూ కలలో కనిపించే మనిషి అనుకుంటాం కాబోలు మనమంతా! అడగనిదే అమ్మయినా పెట్టదని సామెత చెబుతాం. కౌన్సిలరుమాత్రం అడగకుండానే పెట్టాలి.

"పోనీ, ఒక కాగితంమీద రాసి యివ్వండి. కౌన్సిలు సమావేశంలో అడుగుతాను" అన్నది.

ఇంటికి వచ్చి రాశాను. నాలుగు పేజీలయింది. లార్డు రిప్పన్ 1882లో స్థానిక స్వపరిపాలన తీర్మానం చేసిన దగ్గర మొదలుపెట్టాను. చీరాల పేరాల జనం దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వాన, మునిసిపాలిటీ పన్నులు మోయలేమని, 1921లో ఊళ్ళే విడిచి రామనగర్‌లో పాకలు వేసుకుని నెలల తరబడి వున్న కథ రాశాను. రాజ్యాంగం పన్నెండో షెడ్యూలులో పురపాలక సంఘాలకు చెప్పిన 18 అంశాల్లో నీటి సరఫరా అయిదోది అని కూడా ఎత్తిచూపాను. చాలా బాగా వచ్చిందనుకున్నాను. తీసుకుపోయి యిస్తే ఆవిడ ఓపిగ్గా చదివి, "చాలా బాగుంది బాబాయిగారూ. కాని గొట్టం ఎక్కడ పగిలిందో యిందులో లేదే!" అన్నది.

సిగ్గుపడవలసిన సంగతి యేమిటంటే, నేను ముప్ఫైనాలుగేళ్ళు సర్కారు ఆఫీసులో అర్జీలు చదివి పొట్టపోసుకున్నవాణ్ణి. ఇల్లాంటి అర్జీ నా బల్లమీదికి వస్తే "వివరములు లేవు" అని ఎర్రసిరాతో గీకి పక్కన పడేసేవాణ్ణి. అవతలిపక్క కూచున్నప్పుడు తెలిసిన విద్య, యివతలిపక్కకు వచ్చేసరికి మరిచిపోయాను.

అప్పుడావిడ లోపలికి వెళ్ళి ఎజెండా కట్ట తెచ్చి చూపించింది. యాభై పైచిలుకు అంశాలు. ఒక్కొక్కటీ ఒక్కొక్క వాక్యం. అయితే ఆ వాక్యం పేజీ కిందిదాకా పూర్తికాదు. "ఆమోదము నిమిత్తము", "అంచనా విలువ", "రాటిఫికేషను కొరకు"... సమావేశానికి కొద్దిరోజుల ముందు వస్తుంది. చదివి, అర్థం చేసుకుని, ఏది మన వార్డుకు తగులుతుందో ఏరుకోవాలి. యింతలో పింఛను రాలేదని ఒకరు, బళ్ళో సీటు యిప్పించమని ఒకరు, వీధిదీపమని ఒకరు. "ఫోనులో వార్డు వాట్సాప్ బృందం ఒకటి వుంది బాబాయిగారూ. అందులో రోజూ శుభోదయాలూ దేవుడి బొమ్మలూ వస్తాయి. ఎవరైనా గొట్టం సంగతి రాసినా వాటికింద పూడిపోతుంది" అన్నది.

ఆవిడ చేతిలో వున్న అధికారం ఎంతో కూడా ఆవేళే తెలిసింది. కౌన్సిలరు ఫలానా గొట్టం మార్చమని స్వయంగా హుకుం యివ్వలేదు. సమావేశంలో అడగవచ్చు, తీర్మానం కోరవచ్చు. పని నడిపించేది కమిషనరు. అంచనా వెయ్యవలసింది ఇంజనీరు. డబ్బు మంజూరై, టెండరు పిలిచి, కాంట్రాక్టరు దిగాలి. ఇంత పొడుగు గొలుసుకు మొదటి లంకె వీధిలో వున్నవాడు. ఆ లంకె వేసేవాడే లేకపోతే తక్కినదంతా కదిలేది దేనికి?

ఒక నోటుబుక్కు కొన్నాను. పేజీకి ఒకే సంగతి. ఏమిటి, ఎక్కడ, ఎన్నాళ్ళనుంచి, ఎంతమందికి తగులుతోంది, యింతకుముందు ఎవరితో చెప్పాం — ఈ అయిదే. విశేషణాలు లేవు. కల్వర్టు దగ్గర, ఫలానా నంబరు కరెంటు స్తంభానికి తూర్పుగా ఆరడుగుల్లో పగులు అని రాశాను. రెండు వారాలపాటు నీళ్ళు వదిలిన వేళా, తేటపడిన వేళా గడియారం చూసి రాసింది మా ఆవిడ. వీధిలో యింటింటికీ తిరిగితే యింకా యిద్దరికి కామెర్లు వచ్చి తగ్గాయని తెలిసింది. వాళ్ళూ ఎవరితోనూ చెప్పలేదు.

2019 అక్టోబరులో మా రాష్ట్రంలో పెట్టిన వార్డు సచివాలయాలకు మాదీ ఒకటి వుంది. అక్కడ ఫిర్యాదు రాయించి నంబరు పుచ్చుకున్నాను. అక్కడి కుర్రవాడు వచ్చి గాజుగొట్టంలో కుళాయినీళ్ళు పట్టి మందుచుక్కలు వేశాడు. క్లోరిన్ వుంటే పసుపురంగు తిరగాలి. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలి వుండాలని ప్రమాణం. ట్యాంకు దగ్గరి కుళాయిలో నీళ్ళు పసుపు తిరిగాయి. మా యింటి కుళాయిలో తిరగలేదు. ఆ రెండు సంగతులూ పక్కపక్కన రాశాను. నా నాలుగు పేజీల గ్రంథం చెయ్యలేని పని ఆ రెండు వరసలు చేశాయి.

మొదటి కాగితం ఆవిడ యింట్లో లేనప్పుడు భర్తగారికి యిచ్చాను. అది ఆయన చొక్కా జేబులోంచి ఉతుకుడు మిషనులోకి పోయి పేలికలైంది. పాపం, ఆయనే వచ్చి చెప్పారు. రెండోది ఆవిడ చేతికే యిచ్చి, నకలు నా దగ్గర వుంచుకున్నాను. ఆ నెల సమావేశంలో ఆవిడ లేచి ఆ కాగితం చదివింది. ఎవరో నవ్వారట. అయినా చివరిదాకా చదివింది. వారంలో ఇంజనీరుగారు వచ్చి చూశారు. అంతలోనే అయిపోయిందనుకునేరు! పగులుకు అతుకు వెయ్యడానికి పదిరోజులు, గొట్టం కాలవలోంచి తప్పించి పక్కనుంచి వెయ్యడానికి ఆరునెలలు పట్టింది. రెండుసార్లు ఆవిడ నన్ను అడిగింది, మూడుసార్లు నేను ఆవిణ్ణి అడిగాను. ఆవిణ్ణి అడగడం తప్పుపట్టడం కాదని నాకూ, నేను వస్తే తగువుకు రాలేదని ఆవిడకూ అప్పటికి తెలిసింది.

కుర్రవాడు నెలతిరిగేసరికి కోలుకున్నాడు. మళ్ళా మా వాకిట్లోకి వస్తున్నాడుగాని, వాడి తల్లి మాతో పూర్వంలాగా మాట్లాడడానికి చాలాకాలం పట్టింది. అందుకు ఆవిణ్ణి అనవలసింది లేదు. కౌన్సిలరుకు చెప్పకపోవడం బద్ధకం అనుకోవచ్చు. ఎదురింట్లో పసివాడున్నవాళ్ళకు చెప్పకపోవడానికి ఏం పేరు పెట్టుకోవాలో నాకు యిప్పటికీ తెలియదు.

నోటుబుక్కు మాత్రం సాగుతూనే వుంది. యిప్పుడు మూడోది. ప్లీడరుగారు కూడా తాళం మాని రెండు పేజీలు రాశారు. వీధిలో ఎవరు కొత్తగా దిగినా మా ఆవిడ ఆ సాయంత్రమే బొట్టుపెట్టి పిలిచి, కుళాయి వేళలూ, చెత్తబండి వచ్చే వేళా, సచివాలయం ఎక్కడో చెప్పి పంపుతుంది.

నీళ్ళు యిప్పుడు మొదటి బిందెనుంచీ తేటగానే వస్తున్నాయి. అయినా మా ఆవిడ మొదటి రెండు బిందెలూ మొక్కలకే పోస్తుంది. "ఇంకా ఎందుకే?" అన్నాను మొన్న.

"పొయ్యకపోతే, మళ్ళా రంగు మారిననాడు మనకు తెలిసేదెల్లా?" అన్నది.

ఆ మాట కూడా నోటుబుక్కులో రాసుకున్నాను.