వకీలుకు నేను చెప్పిన అబద్ధం

పెద్ద పోస్టు ఇది, కొంచెం ఓపికతో చదవండి.

మొన్న మన హాస్టల్ తమ్ముడొకడు రాత్రి పదకొండింటికి ఫోన్ చేసిండు. "అన్నా, స్టేషన్‌కు రమ్మంటున్నరు, పోవాల్నా వద్దా?" అని. గొంతు వణుకుతున్నది. వాడితో మాట్లాడినంక నాకు నిద్ర పట్టలేదు. నా మీద కూడా కేసు ఉండేదని మీలో చాలామందికి తెల్వదు. సిగ్గుతో దాచుకున్న. ఇంక దాచితే తప్పు అనిపించి రాస్తున్న.

2018 జూలై. డిగ్రీ రెండో సంవత్సరం. పత్తి గింజలు పెట్టే పనికి ఇంటికి వచ్చిన. మాది భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఒక కోయ గూడెం. తాత కాలం నుంచి చేస్తున్న పోడు మూడెకరాలు. మొలక వచ్చిన పదో రోజు ఫారెస్ట్ వాళ్లు జేసీబీ తెచ్చి కందకం తీస్తమన్నరు. మాటా మాటా పెరిగింది. అమ్మ జేసీబీకి అడ్డం పోయి నిలబడితే ఒకాయన ఆమె చెయ్యి పట్టుకొని పక్కకు గుంజిండు. నేను ఉరికిపోయి ఆయన చెయ్యి పట్టి లాగిన. ఆయన ఫోన్ కింద పడ్డది. జరిగింది ఇంతే. అర నిమిషం కూడా పట్టలేదు.

సాయంత్రం కానిస్టేబుల్ వచ్చి "సంతకం పెట్టి వద్దురు రండి" అన్నడు. నాయిన, చిన్నాయిన, నేను పోయినం. ఆ రాత్రి ఇంటికి రాలేదు. ఏవో రెండు కాయితాల మీద చదవకుండానే సంతకం పెట్టిన. నేను ఇంగ్లీషు, తెలుగు రెండూ చదవగలను. అయినా పెట్టిన. భయం ముందు డిగ్రీ చదువు ఏమీ పని చెయ్యదు. పోలీసులకు చెప్పిన వాంగ్మూలం మీద సంతకం పెట్టాల్సిన పని లేదని చట్టమే చెప్తుందని తర్వాత తెలిసింది.

తెల్లారి మేజిస్ట్రేట్ ముందు నిలబెట్టిండ్రు. సెక్షన్లు 353, 506, రెడ్ విత్ 34. ప్రభుత్వ ఉద్యోగిని విధుల్లో ఉండగా అడ్డుకున్నమని, బెదిరించినమని, ముగ్గురం కలిసి చేసినమని. "లాయర్ ఉన్నాడా?" అని మేజిస్ట్రేట్ అడిగితే నోరు పెగల్లేదు. అప్పుడు వెనక నుంచి ఒక మేడం లేచి "లీగల్ ఎయిడ్ తరఫున నేను చూస్తాను" అన్నది. ఆమె మొహం అదే మొదటిసారి చూసుడు.

ఇక్కడ ఒక మాట గుర్తుపెట్టుకోండి. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇయ్యాలె. దయ కాదు, హక్కు. ఈ సంగతి ఆ రోజు దాకా నాకు తెల్వదు.

సబ్ జైల్లో తొమ్మిది రోజులు ఉన్నం. బెయిల్ వచ్చినా వెంటనే బయటికి రాలే. జమానతుదార్లు కావాలె, వాళ్లకు ఆస్తి కాయితం ఉండాలె. మా గూడెంలో అందరిదీ పోడే, పాసుబుక్కులు ఎక్కడివి? భూమి కాయితం లేదనే కదా కేసయింది, అదే కాయితం లేదని బెయిల్ ఆగింది. చివరికి పక్క ఊరి మామ ఒకాయన, ఇంకో టీచర్ సార్ వచ్చి సంతకం పెట్టిండ్రు. ఆ ఇద్దరి రుణం తీరేది కాదు.

బయటికి వచ్చినంక మేడం ఆఫీసుకు పోయిన. ఆఫీసంటే జిరాక్స్ షాపు పక్కన ఒక్క గది, రెండు కుర్చీలు. "ఆ రోజు ఏం జరిగిందో చెప్పు" అన్నది. నేను అన్న: "మేడం, నేను అక్కడ లేను. హాస్టల్‌లో ఉన్న."

గూడెం పెద్దమనిషి ఒకాయన నేర్పిన మాట అది. లేనని చెప్తే పేరు తీసేస్తరు అన్నడు. నేను చదువుకున్నోణ్ని, ముగ్గురిలో నేనన్నా బయటపడాలని నాయిన కూడా అదే చెప్పమన్నడు.

మేడం రాసుడు ఆపింది. "సరే. హాస్టల్ హాజరు రిజిస్టర్ తెప్పిద్దామా?" అన్నది. నేను తల వంచుకున్న.

అప్పుడు అన్నది: "తమ్ముడూ, నువ్వు చెప్పిందాని మీదనే నేను ఇల్లు కడతా. పునాది అబద్ధమైతే ఒక్క రిజిస్టర్‌తో మొత్తం కూలుద్ది. ఇక్కడ చెప్పింది నీ ఒప్పుకోలు లేకుండా బయటికి పోదు. కానీ నాకు మాత్రం నిజం కావాలె."

చెప్పిన. అమ్మ చెయ్యి సంగతి, ఫోన్ పడ్డ సంగతి, అన్నీ. విని కాసేపు ఊకుంది. "అమ్మ చెయ్యి గుంజిండని ముందే ఎందుకు చెప్పలే? ఇంకో మనిషి మీద దెబ్బ పడకుండ అడ్డుకునే హక్కు చట్టంలో ఉంది. ఉద్యోగి డ్యూటీలో ఉన్నడని అటు వాళ్లు గట్టిగ వాదిస్తరు, గెలుస్తమని మాట ఇయ్యలేను. కానీ మనకున్న బలం ఇదే" అన్నది.

నన్ను కాపాడే ఒక్క మాటను నేనే అబద్ధం కింద పాతిపెట్టబోయిన. అక్కడ లేనని అంటే, అమ్మ చెయ్యి విడిపించిన కొడుకు కూడా లేనట్టే కదా.

తర్వాత అడిగింది: "భూమి కాయితం ఏదన్నా ఉందా?" నాయిన లేదన్నడు. అమ్మ మాత్రం ట్రంకు పెట్టె అడుగు నుంచి ఒక రసీదు తీసింది. 2008లో అటవీ హక్కుల కమిటీకి క్లెయిమ్ పెట్టినప్పటిది. చెదలు ఒక మూల తిన్నయి. 2006 చట్టం ప్రకారం క్లెయిమ్ విచారణ పూర్తయ్యే దాకా సాగులో ఉన్నోళ్లను ఖాళీ చేయించొద్దు. మా క్లెయిమ్ ఒప్పుకున్నట్టు గానీ తిప్పికొట్టినట్టు గానీ మాకు ఒక్క ముక్క కాయితం రాలేదు. ఆ రసీదును మేడం ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుంది.

ఆ తర్వాత వాయిదాలు. బస్సు చార్జీలు, కూలి పోవుడు, చెట్టు కింద సద్ది తినుడు. ఒకసారి పరీక్ష ఉండి పోకపోతే వారెంట్ వచ్చేదే, మేడం పిటిషన్ వేసి ఆపింది. రాలేకపోతే ముందే వకీలుకు చెప్పండి, చెప్పకుండ మానెయ్యకండి. 2020లో కరోనాతో కోర్టు మూతబడ్డది, కేసు అట్లనే ఉన్నది.

2021లో కోర్టు ఆవరణలో ఒకాయన "లోక్ అదాలత్‌లో తప్పు ఒప్పుకోండి, ఫైన్ కట్టి పోతరు, ఎందుకీ తిరుగుడు" అన్నడు. నాయిన వెంటనే సరే అన్నడు. అలిసిపోయిండు. నాకూ ఆశ పుట్టింది. మేడం బలవంతం చెయ్యలే. "కేసు మీది, తీర్మానం మీది. కానీ ఒకటి తెలుసుకోండి. తప్పు ఒప్పుకొని ఫైన్ కడితే శిక్ష పడ్డట్టే. రేపు ఉద్యోగం ఫారంలో అది రాయాలె" అన్నది.

ఆ రాత్రి నాయినకూ నాకూ గొడవయింది. "నీ ఉద్యోగం కోసం నేను ఇంకెన్నేళ్లు తిరగాలె?" అన్నడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. తెల్లారి అమ్మ కోయలో ఒక్క మాటే అన్నది. తెలుగులో చెప్తే, చేయని తప్పుకు నా చెయ్యి ఎట్ల ఒప్పుకుంటది అని. నాయిన మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

సాక్ష్యాలు మొదలైనయి. అటు వైపు ఇద్దరు సాక్షుల్లో ఒకాయన చేత్తో నెట్టిండన్నడు, ఇంకొకాయన కట్టెతో అన్నడు. దెబ్బ తగిలినట్టు డాక్టర్ కాయితం లేదు. మా అమ్మ సాక్షి బోనులోకి ఎక్కింది. కోయ తెలిసిన టీచర్ ఒకాయన అనువాదం చేసిండు. భయపడుతదేమో అనుకున్న. తన చెయ్యి తానే పట్టుకొని ఎట్ల గుంజిండో చూపించింది.

2022లో కేసు కొట్టేసిండ్రు. మేడం తీర్పు చదివి చెప్తుంటే నాయిన అడిగిండు: "అయితే భూమి మనదేనా, అమ్మా?" మేడం కొంచెం ఆగి "లేదు నాయినా, మీరు దోషులు కాదని మాత్రమే చెప్పింది. భూమి సంగతి వేరే" అన్నది. నాయిన తలూపి కండువా దులుపుకొని బస్టాండు దారి పట్టిండు.

ఆ తర్వాత ఒక ఉద్యోగం ఫారంలో "మీ మీద ఎప్పుడైనా కేసు ఉన్నదా" అన్న చోట "ఉన్నది, కొట్టేశారు" అని రాసి తీర్పు కాపీ జత చేసిన. దాస్తే అదే ఇంకో తప్పయితదని మేడమే చెప్పింది.

తమ్ముళ్లూ, 2024 జూలై 1 నుంచి చట్టాల పేర్లు, సెక్షన్ల నంబర్లు మారినయి. 353 ఇప్పుడు బీఎన్ఎస్‌లో 132. హక్కులు మాత్రం మారలేదు. పిలిస్తే దేనికో అడగండి, నోటీసు అడగండి. అరెస్టు చేస్తే కారణం చెప్పాలె, ఇంట్లోవాళ్లకు తెలపాలె, 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు పెట్టాలె. ఒంటరిగ పోకండి. చదవకుండ సంతకం పెట్టకండి. వకీలు లేకపోతే 15100కు ఫోన్ చెయ్యండి.

వకీలు దొరికినంక ఆమెకు గానీ ఆయనకు గానీ నిజం చెప్పండి. మీకు సిగ్గనిపించే ముక్క ఏదో, దాంతోనే మొదలుపెట్టండి.

ఆ రోజు ఫోన్ చేసిన తమ్ముడు తెల్లారి వకీలును తోలుకొని స్టేషన్‌కు పోయిండు. సాయంత్రానికి నోటీసు తీసుకొని ఇంటికి వచ్చిండు. కేసు ఇంకా ఉంది. వాయిదాకు నేను కూడా పోతున్న.

జోహార్.