ఉస్మాన్ తసవీరు

మా గల్లీ లైబ్రరీలో బ్రిగేడియర్ మహమ్మద్ ఉస్మాన్ తసవీరు ఉంది. సైన్‌బోర్డులు రాసే పెయింటర్ మామూ నలుపు తెలుపు ఫొటో చూసి వేశాడు. వర్దీ రంగు, ఒంటి రంగు ఆయన ఊహే. కళ్లు మాత్రం బాగా కుదిరాయి. బయటివాళ్లెవరొచ్చినా వాళ్ల కంట పడేట్టు దాన్ని గుమ్మానికి ఎదురుగా వేలాడదీశాం. ఎందుకలా వేలాడదీశాం? అదే మా బాధ.

ఉస్మాన్ 1912లో ఆజంగఢ్ జిల్లా బీబీపూర్‌లో పుట్టాడు. శాండ్‌హర్స్ట్‌లో శిక్షణ పొంది బలూచ్ రెజిమెంట్‌లో ఆఫీసరయ్యాడు. 1947లో దేశంతోపాటు ఫౌజునూ పంచుకున్నారు. బలూచ్ రెజిమెంట్ పాకిస్తాన్ వాటాకు పోయింది. ఉస్మాన్ పోలేదు. 50వ పారాచూట్ బ్రిగేడ్‌ను నడిపి కాశ్మీరు యుద్ధంలో నౌషేరాను నిలబెట్టాడు. చేజారిన ఝంగర్ తిరిగి దక్కేదాకా మంచమెక్కనని ఒట్టు పెట్టుకుని ఆ చలిలో నేలమీదే పడుకున్నాడు. 1948 మార్చిలో ఝంగర్ దక్కింది. జులై 3న అక్కడే ఫిరంగి గుండుకు బలయ్యాడు. 36 ఏళ్లు నిండటానికి ఇంకా 12 రోజులు. ఢిల్లీలో జనాజాకు నెహ్రూ వచ్చాడు. మహావీర చక్ర ఇచ్చారు.

ఇదంతా మాకు కంఠతా వచ్చు. రాక ఏం చేస్తుంది? ఆగస్టు పదిహేను దగ్గరపడితే పత్రికాఫీసులో మాకు చెప్పే పని ఇదే. 'ముస్లిం దేశభక్తుల మీద ఓ ఐటం రాయండి భాయ్!' పక్క సీటాయన్ను అట్లా ఎవరూ అడగరు. ఆయన దేశభక్తికి ఆయన పేరు చాలు. మా పేరుకు తసవీరు జతచేయాలి.

ఉస్మాన్ పోయిన రెండు నెలలకే, సెప్టెంబరు 13న, అదే ఫౌజు హైదరాబాదు రాజ్యంలోకి వచ్చింది. అయిదు రోజుల్లో నిజాం సేనాని ఎల్ ఎద్రూస్ లొంగిపోయాడు. రజాకార్ల దౌర్జన్యం నిజం. ఏ రజాకారుతోనూ సంబంధం లేని మా పేదలు దానికి తలలిచ్చిందీ నిజం. సుందర్‌లాల్ కమిటీ అంచనాలో చనిపోయినవాళ్లు 27 వేల నుంచి 40 వేలు. అప్పటి ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో మరీ ఘోరం. ఆ నివేదికను దశాబ్దాలపాటు దాచారు. మా నానీ ఆ సంవత్సరం మాటెత్తితే గొంతు తగ్గించేది. వాళ్లకు తసవీర్లు లేవు.

ఉస్మాన్ అంటే మాకు ప్రాణం. జీతం డబ్బులు అనాథ పిల్లల చదువులకు పెట్టినందుకు, నౌషేరాలో దిక్కులేని పిల్లల్ని చేరదీసినందుకు. ఏ దేశమన్నది ఆయన మనసు చెప్పిన నిర్ణయం, ఎవరికో చూపించే రసీదు కాదు. ఆ రసీదుగా వాడుకోవడం ఆయనకే అవమానం. పైగా 2020 డిసెంబరులో జామియా మిలియా దగ్గర ఆయన సమాధి రాయే పగిలి కనిపించింది. ఫౌజు బాగుచేయించింది. మహావీర చక్ర తన సమాధినే కాయలేనప్పుడు, తసవీరు మమ్మల్నేం కాస్తుంది?

అందుకే ఇప్పుడు ఐటం రాయమంటే ఒక్కటే అంటున్నాం. 1948 జులై గురించి రాస్తాం. సెప్టెంబరు గురించీ రాస్తాం. రెండూ వేసుకోండి.